కొట్టివేతల్లో దొరికే సిస్టమ్: బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ టీమ్ ప్రాజెక్టుకి విశాఖ విద్యార్థుల సమగ్ర మార్గదర్శి

ఎంసీఏ, ఎంబీఏ, బీటెక్, బీకాం కంప్యూటర్స్... కోర్సు ఏదైనా ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ పని మెడకి చుట్టుకుంటుంది. నలుగురైదుగురు కలిసి ఒక వ్యాపారాన్ని ఎంచుకోవాలి. అక్కడ ఆర్డర్లు, లెక్కలు, బాకీలు ఎలా నడుస్తున్నాయో చూడాలి. కొత్త సిస్టమ్ ఎలా ఉండాలో ప్లాన్ వేసి రిపోర్టు ఇవ్వాలి. చాలా టీములు దీన్ని వెనక నుంచి మొదలుపెడతాయి. ముందు ఒకరు లాగిన్ పేజీ కట్టేస్తారు, ఆ తర్వాత డేటాబేస్ టేబుల్స్ పుడతాయి, సబ్మిషన్‌కి వారం ముందు ‘సిస్టమ్ అనాలిసిస్’ చాప్టర్‌ని ఎవరో ఒకరు రాత్రంతా కూర్చుని అల్లుతారు.

చదువుకునే రోజుల్లో మా టీమ్ కూడా అదే చేసింది. డాబా గార్డెన్స్ వైపు ఒక మందుల షాపుకి స్టాక్ సిస్టమ్ ప్లాన్ చేశాం. ఓనరు గారితో రెండుసార్లు మాట్లాడి అంతా అర్థమైపోయిందనుకున్నాం. డెమో రోజు కౌంటర్‌లో ఉండే కుర్రాడు వెనకనుంచి చూస్తూ, "షీటు కత్తిరించి నాలుగు బిళ్ళలిస్తే ఎక్కడ కొట్టాలన్నా?" అని అడిగాడు. మా టేబుల్‌లో స్టాక్ అంతా షీట్ల లెక్కలో ఉంది. నాలుగు బిళ్ళలకి అందులో చోటే లేదు. కౌంటర్ మీద దారంతో కట్టిన కత్తెర మేం వెళ్ళిన రెండుసార్లూ అక్కడే వేలాడుతోంది. ఐదుగురిలో ఒక్కరం కూడా దాన్ని చూడలేదు.

ఇప్పుడు నేను గైడ్ చేసే టీములకి మొదటి రోజే ఆ కత్తెర సంగతి చెబుతాను. ఈ మార్గదర్శిలో ఉదాహరణగా అలాంటి ఒక టీమ్ పనే తీసుకున్నాను. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు అపార్ట్‌మెంట్లకి 20 లీటర్ల వాటర్ టిన్నులు వేసే చిన్న ప్లాంటు అది. వాళ్ళ అసలు లెక్కలు బయటపెట్టకూడదు కాబట్టి అంకెలు మార్చి రాస్తున్నాను.

1. వ్యాపారం ఎంచుకోవడం

మూడు సంగతులు చూడండి. ఓనరు మీకు పుస్తకం చూపించాలి. కాలేజీ నుంచి ఒక్క బస్సులో చేరగలగాలి, ఎందుకంటే కనీసం ఆరుసార్లు వెళ్ళాల్సి వస్తుంది. ఆ వ్యాపారంలో సరుకు, డబ్బు, బాకీ మూడూ కదులుతూ ఉండాలి. రొక్కానికి అమ్మేసి చేతులు దులుపుకునే బడ్డీ కొట్టులో అనాలిసిస్‌కి పెద్దగా ఏమీ దొరకదు.

విశాఖలో ఇలాంటివాటికి కొదవ లేదు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ కొట్లు, గాజువాక ఆటోనగర్‌లో వర్క్‌షాపులు, బ్లౌజులు కుట్టే టైలర్లు, ఫంక్షన్లకి షామియానా, వంటపాత్రలు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. నన్నడిగితే షామియానా షాపు బంగారం లాంటి టాపిక్. వెళ్ళిన గిన్నెలు ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని, సొట్టపడినవి ఎన్ని, వాటికి ఎవరు కట్టాలి అన్న పంచాయితీ అక్కడ నడుస్తూనే ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్, డీజిల్, చేపల వ్యాపారం తీసుకునేవాళ్ళు మాత్రం క్యాలెండర్ చూసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేటకి నిషేధం. జనవరిలో మొదలుపెట్టి, ఫీల్డ్ విజిట్ పరీక్షల ముందు చూద్దాంలే అనుకుంటే, మీరు వెళ్ళేసరికి బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. ముందే మొదలుపెట్టిన టీముకి అదే నిషేధం మంచి పాయింటు. రెండు నెలలు ఆదాయం లేని కస్టమర్ల బాకీని సిస్టమ్ ఎలా చూపించాలన్నది అప్పుడు అసలు ప్రశ్న అవుతుంది.

హాస్పిటల్, బ్యాంకు, ‘అమెజాన్ లాంటిది ఒకటి’ వద్దు. లోపలికి రానివ్వరు. రానివ్వకపోతే ఇంటర్నెట్‌లో చూసి రాస్తారు. గైడ్‌కి అది రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

2. టీమ్ సర్దుబాటు

ఐదుగురైతే ఇలా పంచుకోవచ్చు. ఓనరుతో మాట్లాడేది ఒకరు (అందరూ తలా ఒకసారి ఫోన్ చేస్తే ఆయన రెండో వారానికే ఎత్తడం మానేస్తారు), ప్లాన్, తేదీలు చూసేది ఒకరు, డయాగ్రమ్‌లు ఇద్దరు, రాసినవన్నీ ఒకచోట సర్దేది ఒకరు. ఫీల్డ్‌కి మాత్రం అందరూ వెళ్ళాలి. ఇంకో మాట. ‘రైటింగ్ బాగుంటుంది కదా’ అని రిపోర్టు పని అంతా టీమ్‌లో అమ్మాయిల మీద తోసేసి, అబ్బాయిలు కోడింగ్ అంటూ కూర్చోవడం ఏటా చూస్తున్నాను. రెండు వారాలకోసారి పనులు మార్చుకోండి. వైవాలో ప్రశ్న ఎవరికి పడుతుందో ముందు తెలీదు.

ఒక నోట్‌బుక్ పెట్టి, కూర్చున్న ప్రతిసారీ తేదీ, ఎవరొచ్చారు, ఏం తేల్చుకున్నారు, ఎందుకు తేల్చుకున్నారు అన్న నాలుగు ముక్కలు రాయండి. వాట్సాప్ గ్రూపులో ఉందిలే అనుకోవద్దు. నెల తర్వాత అది బర్త్‌డే ఫొటోల కింద ఎక్కడో ఉంటుంది.

3. టైమ్ ప్లాన్

సెమిస్టర్‌లో 14 వారాలు చేతిలో ఉంటే నేను ఇలా పంచుతాను. ఎంపికకి, పర్మిషన్‌కి 2, ఫీల్డ్‌కి 3, సమస్య, ఫీజిబిలిటీ (ఇది వీలవుతుందా, గిట్టుబాటవుతుందా అన్న లెక్క) రాయడానికి 1, మిడ్ పరీక్షలకి 1 (ఆ వారం పని సున్నా అని నిజాయితీగా రాసుకోండి), రిక్వైర్‌మెంట్స్‌కి (సిస్టమ్ ఏమేం చేయాలో చెప్పే జాబితా) 2, డయాగ్రమ్‌లకి 2, ఓనరుకి చూపించడానికి 1, దిద్దుబాట్లకి 1, రిపోర్టుకి 1. రెండో సెమిస్టరైతే మొదట్లోనే సంక్రాంతి వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళున్నవాళ్ళు కనుమ మర్నాడే తిరిగొస్తారని ప్లాన్‌లో రాస్తే ఆ ప్లాన్ అక్కడే చిరుగుతుంది.

గాంట్ చార్ట్ (ఏ పని ఏ వారంలో నడుస్తుందో చూపే పట్టీ) గీసేముందు ఏ పని దేనికోసం ఆగాలో రాసుకోండి. రిక్వైర్‌మెంట్స్ తేలకుండా డీఎఫ్‌డీ (డేటా ఫ్లో డయాగ్రమ్, వివరాలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో చూపే బొమ్మ) మొదలవదు. కానీ పర్మిషన్ లెటర్ కోసం ఎదురుచూసే రోజుల్లో ప్రశ్నల జాబితా తయారవుతుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి తప్పనిసరిగా నడిచే పనుల గొలుసుల్లో అన్నిటికంటే పొడుగైనది మీ క్రిటికల్ పాత్. అందులో ఒక్కరోజు జారితే సబ్మిషన్ ఒక్కరోజు జారుతుంది.

ఏ పనికి ఎన్ని రోజులో ఊహించడానికి మూడంకెల సూత్రం వాడండి. అంతా కలిసొస్తే పట్టే రోజులకి, మామూలుగా పట్టే రోజుల్ని నాలుగుతో గుణించి కలపండి, అంతా ఎదురుతిరిగితే పట్టే రోజుల్నీ కలిపి ఆరుతో భాగించండి. డయాగ్రమ్ పని 3, 5, 13 రోజులనుకుంటే (3 + 20 + 13) ÷ 6 = 6 రోజులు. మనసుకి తోచిన ఐదు కంటే ఒకటి ఎక్కువ. ఆ ఒక్క రోజే చివర్లో టెన్షన్ తగ్గిస్తుంది.

4. మొదటి విజిట్

డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ సంతకంతో ఒక ఉత్తరం పట్టుకెళ్ళండి. చదువు కోసం చూస్తున్నామనీ, వివరాలు బయటపెట్టమనీ అందులో ఉండాలి. ఇది లేకపోతే ఓనరుకి మీరు జీఎస్టీ వాళ్ళ మనుషుల్లా కనిపిస్తారు. బేరం తీరికగా ఉండే వేళ కనుక్కుని వెళ్ళండి. వాటర్ ప్లాంటుకి అది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.

ప్రశ్న అడగడంలోనే సగం పని ఉంది. ఈ వాటర్ ప్లాంటు టీమ్‌లో ఒకబ్బాయి వెళ్ళగానే, "సమస్యలేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగాడు. "ఏం లేవు బాబూ, దేవుడి దయవల్ల బాగానే నడుస్తోంది" అన్నారాయన. బయటివాళ్ళ ముందు తన వ్యాపారంలో సమస్యలున్నాయని ఎవరు చెప్పుకుంటారు? పక్కనున్న అమ్మాయి ఇంకోలా అడిగింది.

"నిన్న రాత్రి లెక్క చూసుకున్నప్పుడు ఎక్కడైనా తేడా వచ్చిందా అండీ?"

"నిన్నేటమ్మా, రోజూ వస్తాది. ఖాళీ టిన్నులు లెక్కకి తగలవు. కుర్రాడు ఇచ్చీసేనంటాడు, వాళ్ళు ఇవ్వలేదంటారు. ఎవర్ని నమ్మాలి?"

ఆ ఒక్క జవాబులో మొత్తం ప్రాజెక్టు ఉంది. ‘సాధారణంగా ఏం చేస్తారు’ అని అడిగితే పద్ధతి చెబుతారు, ‘నిన్న ఏం జరిగింది’ అని అడిగితే జరిగింది చెబుతారు. నిన్నటి గురించి అడగండి. ‘ఈ పని చేసే మనిషి సెలవు పెడితే ఎవరు చూస్తారు?’ అనీ అడగండి. ఏ సంగతి ఎవరి బుర్రలో మాత్రమే ఉందో దానితో బయటపడుతుంది.

ప్రశ్నావళి ఫారాలు పంచడం ఇలాంటి చిన్న వ్యాపారంలో దండగ. 50 మంది కస్టమర్ల అభిప్రాయం కావాలంటే తప్ప వాటి జోలికి పోవద్దు.

5. పుస్తకం చదవడం

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. ప్లాంటులో లైనుకో పొడుగు రిజిస్టర్ ఉంటుంది. లైను అంటే ఒక ఆటో ఒక పూటలో తిరిగే ఇళ్ళ వరస. పేజీలో ఫ్లాట్ నంబరు, ఇచ్చినవి, తెచ్చినవి, డబ్బు, సంతకం అని గళ్ళు గీసి ఉంటాయి. చాలా టీములు ఈ గళ్ళ పేర్లు రాసుకుని, అవే టేబుల్ కాలమ్స్ చేసి, ఇక్కడితో అయిపోయిందనుకుంటాయి. గళ్ళలో సరిగ్గా రాసినవాటితో మీకు పెద్ద పని లేదు. కొట్టేసినవి, దిద్దినవి, మార్జిన్‌లో ఇరికించినవి చూడండి.

ఆ టీమ్ చూసిన ఒక పేజీలో ఉన్నవి ఇవి. 302 ఎదురుగా ‘2’ కొట్టేసి పైన ‘1’, పక్కన ‘సా’ అని ఉంది. ఉదయం ఒకటే ఇచ్చి, రెండోది సాయంత్రం వేశారు. 104 దగ్గర ‘లాక్–వా’ అని ఉంది. తలుపు తాళం, టిన్ను వాచ్‌మన్ దగ్గర పెట్టారు. 401 మార్జిన్‌లో ‘ఊరు 12’ అని ఉంది. పన్నెండో తారీఖు దాకా ఊళ్ళో ఉండరు, టిన్ను వేయొద్దు. 203 దగ్గర సున్నా చుట్టి ‘+1 పాత’ అని ఉంది. ఎప్పుడో బాకీపడ్డ ఖాళీ ఇప్పుడు తిరిగొచ్చింది. ఒకచోట డబ్బు గడిలో ‘అత్తగారు’ అని మాత్రమే ఉంది. అడిగితే డెలివరీ కుర్రాడు నవ్వి, "ఆ ఇంట్లో డబ్బులు అత్తగారే ఇస్తారు మేడం, కోడలు గారిని అడిగితే ఊరుకోరు" అన్నాడు.

ఒక్కో కొట్టివేత పక్కన ‘దీన్ని మన సిస్టమ్‌లో ఎక్కడ రాస్తారు?’ అని రాసుకుంటూ పోండి. ఒకే రోజు ఒకే ఇంటికి రెండు డెలివరీలు ఉండొచ్చు, కాబట్టి ఫ్లాటూ తేదీ కలిపి ప్రైమరీ కీ (టేబుల్‌లో ఒక్కో వరసని గుర్తుపట్టే విలువ, అది రెండోసారి రాకూడదు) చేస్తే పని చెడుతుంది. టిన్ను వాచ్‌మన్ దగ్గర ఆగితే అది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? ఫలానా తేదీ దాకా ఆపాలన్న మాటకి ఒక చోటు కావాలి. ఖాళీ వచ్చిన రోజు, నిండుది ఇచ్చిన రోజు ఒకటి కానక్కర్లేదు. నీళ్ళు వాడేవాళ్ళు ఒకరు, డబ్బిచ్చేవాళ్ళు ఒకరు కావచ్చు. అప్పటికి ఆ టీమ్ ఒక్క డయాగ్రమ్ కూడా గీయలేదు. కానీ ఆ మధ్యాహ్నం బయటికొచ్చేసరికి ఐదు గట్టి రిక్వైర్‌మెంట్స్ వాళ్ళ పుస్తకంలో ఉన్నాయి.

ఇళ్ళల్లో కూడా ఒక కార్డు ఉంటుంది. తలుపు వెనకో, ఫ్రిజ్ మీదో. టిన్ను వేసినప్పుడల్లా దాని మీద టిక్కు పెడతారు. నెలాఖరుకి కార్డులో 14, రిజిస్టర్‌లో 15 ఉంటే గొడవ. ఒకే సంగతి రెండు చోట్ల నమోదవుతోంది, రెండూ సరిపోల్చే వేళ నెలకి ఒక్కసారే వస్తోంది. దీన్ని ప్రస్తుత వ్యవస్థ లోపంగా రిపోర్టులో రాయండి, కానీ కార్డును వెక్కిరించొద్దు. కస్టమర్‌కి తన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. కొత్త సిస్టమ్‌లో కార్డు తీసేస్తే, దాని బదులు కస్టమర్ చేతికి ఏమిస్తున్నారో చెప్పాలి.

6. కూడా తిరగడం

ఒక ఉదయం ఆరు గంటలకి ఆటోలో వెళ్ళండి. ఇద్దరు చాలు, ఐదుగురెక్కితే టిన్నులకి చోటుండదు. కుర్రాడు భుజం మీద టిన్నుతో మూడో అంతస్తు ఎక్కుతాడు, లిఫ్టులో టిన్నులు పెట్టనివ్వని అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఖాళీ పట్టుకుని దిగుతాడు. మళ్ళీ ఇంకో ఇంటికి ఎక్కుతాడు. రిజిస్టర్ ఆటోలో సీటు కింద ఉంటుంది. నాలుగైదు ఇళ్ళు అయ్యాక చేతులు లుంగీకి తుడుచుకుని, గుర్తున్నవి రాస్తాడు. తేడాలు పుట్టేది ఆ నాలుగైదు ఇళ్ళ మధ్యనే.

వారం పాటు పక్కనే ఉండి లెక్కపెడితే 640 డెలివరీల్లో 9 పుస్తకానికి ఎక్కలేదని తేలింది. ‘నమోదులో లోపాలు ఉన్నాయి’ అనే వాక్యానికీ, ‘వారంలో 640కి 9 నమోదు కాలేదు’ అనే వాక్యానికీ మార్కుల్లో చాలా తేడా ఉంటుంది.

7. సమస్యను ఒక్క పేజీలో రాయడం

‘ప్రస్తుత వ్యవస్థ మాన్యువల్‌గా ఉంది, సమయం వృథా అవుతోంది, కాబట్టి కంప్యూటరైజ్ చేయాలి’. ఇది సమస్య కాదు, సీనియర్ల రిపోర్టులోంచి దిగిన పేరా. ఇలా రాయండి: ‘డెలివరీ జరిగిన చోటికీ, నమోదయ్యే చోటికీ మధ్య ఎడం ఉన్నందువల్ల వారానికి తొమ్మిది డెలివరీలు లెక్కకి రావడం లేదు, నెలకి ఎనిమిది ఖాళీ టిన్నుల ఆచూకీ తెలియడం లేదు, నెలాఖరు బిల్లులకి ఓనరుకి రెండు సాయంత్రాలు పడుతోంది.’ పుస్తకం తప్పని ఎక్కడా అనలేదు. ఆ ఎడం తగ్గితే చాలు. అది యాప్‌తో తగ్గుతుందా, మెడలో వేలాడే చిన్న కాగితాల పాడ్‌తో తగ్గుతుందా అన్నది ఇంకా తేల్చకండి.

దీని కిందే స్కోప్ రాయండి. ఏవి చేస్తామో అందరూ రాస్తారు, ఏవి చేయమో కూడా రాయాలి. జీఎస్టీ రిటర్నులు ఆడిటర్ గారు చూసుకుంటారు, మా పరిధిలోకి రావు. నీటి నాణ్యత పరీక్షలు రావు. జీతాలు రావు. ఈ మూడు లైన్లు లేకపోతే ప్రతి రివ్యూలో ఎవరో ఒకరు ఇంకో మాడ్యూల్ తగిలిస్తారు.

8. ఫీజిబిలిటీ: లెక్క వేసి చూపించండి

సాంకేతికంగా వీలవుతుందా, డబ్బుపరంగా గిట్టుబాటవుతుందా, రోజూ వాడతారా, చట్టం ఒప్పుకుంటుందా, టైమ్‌కి అవుతుందా. ఐదు కోణాలు. చాలా రిపోర్టుల్లో ఐదింటికీ ‘అవును’ అని ఉంటుంది. డబ్బు సంగతి మాత్రం అంకెలతోనే చెప్పాలి.

ఎక్కని 9 డెలివరీలు, టిన్నుకి 30 రూపాయల చొప్పున వారానికి 270, నెలకి సుమారు 1,170. పోయిన 8 ఖాళీలు, ఒక్కోటి 150 చొప్పున 1,200. మొత్తం నెలకి 2,370 నష్టం. సిస్టమ్ వస్తే ఇదంతా ఆగిపోతుందని రాసేయొద్దు, సగం ఆగితే గొప్ప. అంటే 1,185. అందులోంచి రీచార్జ్, సర్వర్ కలిపి నెల ఖర్చు 500 తీస్తే మిగిలేది 685. మొదటి పెట్టుబడి, అంటే ఒక ఫోను, ప్లాంటులో వాడేందుకు ఒక పాత కంప్యూటర్, 9,000 అనుకుంటే తిరిగి రావడానికి 13 నెలల పైచిలుకు పడుతుంది. ఓనరుకి రెండు సాయంత్రాలు మిగలడాన్ని దీనికి కలపలేదు. దాన్ని విడిగా, రూపాయలు కట్టకుండా రాయండి.

లెక్క గిట్టుబాటు కాదని తేలితే? అదే రాయండి. ‘ఈ వ్యాపారానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రిజిస్టర్‌లో రెండు గళ్ళు పెంచి, ఆటోలోంచి పుస్తకాన్ని చేతికి మారిస్తే చాలు’ అని లెక్కలతో చూపించిన టీముకి నేను మనస్ఫూర్తిగా మంచి మార్కులేస్తాను.

9. రిక్వైర్‌మెంట్స్

ప్రతిదానికీ ఒక నంబరు, అది ఎవరి నోటి నుంచి లేదా ఏ పేజీ నుంచి వచ్చిందో, నెరవేరిందో లేదో ఎలా పరీక్షించాలో రాయండి. పరీక్షించలేని వాక్యం పనికిరాదు. ‘సిస్టమ్ ఫాస్ట్‌గా, యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి’ అనేదాన్ని ఎవరు ఎలా పరీక్షిస్తారు? ‘ఒక ఇంటి డెలివరీ ఒక చేత్తో, మూడు నొక్కుళ్ళలో, పది సెకన్లలోపు నమోదవ్వాలి’ అంటే స్టాప్‌వాచ్ పెట్టి చూడొచ్చు. తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు, కాబట్టి బటన్లు పెద్దవిగా ఉండాలన్నది ఆటోలో తిరిగినవాళ్ళే రాయగలరు.

నెట్ లేకపోయినా నడవాలి అనేదాన్ని విశాఖలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ, ఫోన్ సిగ్నళ్ళూ రోజుల తరబడి లేవు. అంత దూరం ఎందుకు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగితే సిగ్నల్ పోతుంది. ‘సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లోనే దాచుకుని, వచ్చాక పంపాలి, ఇళ్ళవారీ బాకీల పట్టీ వారానికోసారి కాగితం మీద తీసి పెట్టాలి’ అని రాయండి.

తర్వాత వీటిని తప్పనిసరి, ఉంటే మంచిది, ఇప్పుడొద్దు అని కుప్పలు చేయండి. అన్నీ మొదటి కుప్పలో పడితే మళ్ళీ మొదలుపెట్టండి.

నియమాలు ఎక్కడ చిక్కుగా ఉంటే అక్కడ డెసిషన్ టేబుల్ వేయండి. ఖాళీ ఇచ్చారా, బాకీ రెండు నెలలు దాటిందా అన్న రెండు షరతులకి నాలుగు వరసలు వస్తాయి.

– ఖాళీ ఇచ్చారు, బాకీ దాటలేదు: టిన్ను వేయాలి.
– ఖాళీ ఇచ్చారు, బాకీ దాటింది: వేయాలి, ఓనరుకి చెప్పాలి.
– ఖాళీ ఇవ్వలేదు, బాకీ దాటింది: వేయకూడదు.
– ఖాళీ ఇవ్వలేదు, బాకీ దాటలేదు: ?

నాలుగోదానికి ఓనరు "వెయ్యకూడదు" అన్నారు. కుర్రాడు మాత్రం తెలిసిన ఇల్లయితే వేసేస్తున్నాడు, వేయకపోతే కస్టమర్ పక్క ప్లాంటుకి పోతారని. చెప్పిన నియమం ఒకటి, నడిచే నియమం ఒకటి. రెండూ రిపోర్టులో పెట్టి, కుర్రాడి మాట అతని ఉద్యోగానికి ఎసరు కాకుండా ‘క్షేత్రంలో కనిపించింది’ అని రాయండి. ఓనరుని కూర్చోబెట్టి అడిగితే, పాత కస్టమర్‌కి రెండు ఖాళీల దాకా సర్దుబాటు చేద్దామని ఆయనే తేల్చారు.

10. డీఎఫ్‌డీ

ముందు కాంటెక్స్ట్ డయాగ్రమ్. మధ్యలో ఒకే ఒక్క వృత్తం, అది మొత్తం సిస్టమ్. చుట్టూ కస్టమర్, డెలివరీ కుర్రాడు, ఓనరు. ఇక్కడే అందరూ పడే గొయ్యి ఒకటుంది. కస్టమర్ వైపు బాణం గీసి దాని మీద ‘వాటర్ టిన్ను’ అని రాస్తారు. డీఎఫ్‌డీలో కదిలేది డేటా, నీళ్ళు కాదు. బాణం మీద ‘డెలివరీ వివరం’, ‘నెల బిల్లు’, ‘ఆపమన్న కబురు’ అని ఉండాలి.

తర్వాతి మెట్టులో ఆ వృత్తాన్ని నాలుగైదు ముక్కలు చేయండి: డెలివరీ నమోదు చేయడం, ఖాళీల నిల్వ తేల్చడం, బిల్లు తయారుచేయడం, వసూలు రాసుకోవడం. ‘కస్టమర్ మేనేజ్‌మెంట్’ అని పేరు పెడితే లోపల ఏం జరుగుతుందో మీకే తెలీదన్నమాట. ప్రతి ప్రాసెస్‌లోకి (అంటే ఆ ఒక్కో ముక్కలోకి) ఏదో ఒకటి రావాలి, ఏదో ఒకటి బయటికి పోవాలి. వచ్చి మాయమైతే తప్పు, ఏమీ రాకుండానే పుట్టుకొస్తే ఇంకా తప్పు. ఒక డేటా స్టోర్ (వివరాలు దాచే చోటు) నుంచి ఇంకో డేటా స్టోర్‌కి నేరుగా బాణం ఉండదు, మధ్యలో ప్రాసెస్ ఉండాలి. పైమెట్టులో ఉన్న ప్రతి బాణం కింది మెట్టులోనూ కనిపించాలి. ఈ నాలుగూ సరిచూసే పనిని గీసినవాళ్ళకి కాకుండా ఇంకొకరికి ఇవ్వండి.

మీ సిలబస్‌లో యూజ్ కేస్‌లు (సిస్టమ్‌తో ఎవరు ఏ పని చేస్తారో చూపే బొమ్మలు) అడిగితే అవే గీయండి. ఫీల్డ్‌లో పని సరిగ్గా జరిగి ఉంటే రెండూ ఒక రోజు తేడాలో వస్తాయి.

11. ఈఆర్ డయాగ్రమ్

ఈఆర్ అంటే ఎంటిటీ–రిలేషన్‌షిప్. వేటి వివరాలు దాచాలి (అవే ఎంటిటీలు), వాటి మధ్య సంబంధం ఏమిటి అని చూపే బొమ్మ ఇది. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రతి సిలబస్‌లో ఉంది. గీత గీయడం ఒక గంటలో వస్తుంది, తేల్చుకోవాల్సిన ప్రశ్నలకే రోజులు పడతాయి. వాటర్ టిన్నుల ఉదాహరణలో ఆ టీమ్ రెండు ప్రశ్నల దగ్గర గట్టిగా కొట్టుకుంది.

మొదటిది: కస్టమర్ అంటే మనిషా, ఫ్లాటా? కుర్రాడికి 302 అంటే ఫ్లాట్. ఓనరుకి 302 అంటే అందులో అద్దెకుండే బ్యాంకాయన. ఆయన ఇల్లు మారి కొత్తవాళ్ళు వస్తే రిజిస్టర్‌లో అదే వరస కొనసాగుతుంది. పాతాయన వదిలేసి వెళ్ళిన రెండు ఖాళీలు కొత్తవాళ్ళ లెక్కలో పడతాయి, గొడవ మొదలవుతుంది. టీమ్ చివరికి ఫ్లాటుని ఒక ఎంటిటీగా, కస్టమర్‌ని ఇంకో ఎంటిటీగా విడదీసి, మధ్యలో ‘ఎప్పటినుంచి, ఎప్పటిదాకా’ అన్న రెండు తేదీలతో ఒక సంబంధం పెట్టింది. డెలివరీ ఆ సంబంధానికి తగులుకుంటుంది. ఇల్లు ఖాళీ చేసే రోజు లెక్క తేల్చడం ఒక ప్రాసెస్‌గా డీఎఫ్‌డీలోకి వెనక్కి వెళ్ళి చేరింది. ఇలా వెనక్కి వెళ్ళాల్సి వచ్చిందని నామోషీ పడకండి.

రెండోది: ప్రతి టిన్నుకీ నంబరు వేయాలా? ఒకబ్బాయి క్యూఆర్ కోడ్ స్టిక్కర్లన్నాడు. కడిగే చోట ఆ స్టిక్కర్ ఎన్ని రోజులు అంటుకుని ఉంటుందో ప్లాంటులో అడిగితే నవ్వారు. ఏ టిన్ను ఎక్కడుందో ఓనరుకి అక్కర్లేదు, ఏ ఇంట్లో ఎన్నున్నాయో చాలు. కాబట్టి టిన్ను ఎంటిటీ కాలేదు, ఇచ్చినవి, తెచ్చినవి అన్న అంకెలుగా డెలివరీలోనే మిగిలింది. ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది ఆ రెండింటి తేడా, దాన్ని వేరే కాలమ్‌లో దాచొద్దు. దాచితే మళ్ళీ కార్డూ రిజిస్టర్ కథే.

వసూలుని డెలివరీతో ముడిపెట్టకండి. ఒకరు నెల డబ్బు ఒకేసారి ఫోన్‌పేలో కొడతారు, ఇంకొకరు 500 ఇచ్చి ఉంచుకోమంటారు. వసూలు దానంతట అది ఒక ఎంటిటీ. ఇంత అయ్యాక నార్మలైజేషన్ (ఒకే సంగతి రెండు చోట్ల పడకుండా టేబుల్స్ విడదీయడం) పెద్ద పనేం కాదు, అందులో మూడో మెట్టైన థర్డ్ నార్మల్ ఫామ్ దాదాపు అప్పటికే వచ్చేసి ఉంటుంది.

12. ఓనరుకి చూపించడం, అప్పగించడం

డయాగ్రమ్‌లు ఓనరు ముందు పరిచి ‘ఓకేనా అండీ’ అంటే ఆయన మర్యాదకి ఓకే అంటారు. పాత రిజిస్టర్‌లోంచి ఒక పేజీ తీసుకుని, అందులో ప్రతి వరసనీ, ప్రతి కొట్టివేతనీ మీ కొత్త ఫారాల్లో కుర్రాడి చేత నింపించండి. ఎక్కడ ఆగాడో రాసుకోండి. మేం మందుల షాపులో ఈ పని చేసి ఉంటే, బిళ్ళల సంగతి డెమో రోజు కాక ఆరు వారాల ముందే బయటపడేది. వాటర్ ప్లాంటు టీమ్ ఇలా చేసినప్పుడు 104 దగ్గర ఆగింది. వాచ్‌మన్‌కి ఇచ్చిన టిన్ను సాయంత్రం ఇంటికి చేరిందో లేదో రాసే చోటు ఇంకా లేదు. దిద్దుబాటు వారం దానికే సరిపోయింది.

రిపోర్టులో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫ్లాట్ నంబర్లు ఉండకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని సంగతి ఫీజిబిలిటీలో ఒక లైను రాయడం మంచిదే. చట్టం మాట పక్కన పెట్టినా, ఎవరు ఏ తారీఖు దాకా ఊళ్ళో ఉండరో రాసిన పేజీని అనుబంధంలో ఫొటోగా అంటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇళ్ళ నంబర్లు మార్చి, పేజీని చేత్తో మళ్ళీ రాసి పెట్టండి.

వైవాకి ముందు రోజు ప్రతి ఒక్కరూ తను చేయని చాప్టర్‌ని మిగతావాళ్ళకి వివరించండి, అంతకంటే ప్రిపరేషన్ అక్కర్లేదు.

మార్కులొచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. 80 పేజీల రిపోర్టు ఓనరుకి అక్కర్లేదు. ఏం చూశాం, ఎంత పోతోంది, ముందు ఏది మారిస్తే బాగుంటుంది అని తెలుగులో రెండు పేజీలు రాసి ఇచ్చి రండి. ఆ సాయంత్రమే రిజిస్టర్ ఫొటోలు ఐదుగురి ఫోన్లలోంచీ, వాట్సాప్ గ్రూపులోంచీ తీసేయండి.